క్రిస్మస్ దుప్పట్లా, డయాలసిస్ ఆటో ఛార్జీలా?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఏ విచారణకైనా, అంటే ఏ క్యాథలిక్ చర్చి సంఘానికైనా, నాలుగు డబ్బులు పోగయ్యాక తేల్చుకోవాల్సింది ఇదే: డిసెంబరులో అందరికీ బియ్యం, దుప్పట్లు పంచడమా, కిడ్నీ జబ్బుతో ఉన్న కొద్దిమందికి ఏడాది పొడుగునా దారి ఖర్చులు పెట్టుకోవడమా?

పంపిణీ తీసిపారేసేది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసినప్పుడు ముందు కావాల్సింది అదే.

మామూలు ఏడాదిలో మాత్రం నా ఓటు రెండోదానికే. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, ప్రభుత్వ కేంద్రాల్లో చికిత్సా ఉచితమే. అయినా కవిటి పక్క పల్లె నుంచి పెందలాడే బయల్దేరాలి, తోడు ఒకరుండాలి. ఆ తోడు జీడిపప్పు బట్టీలో పనిచేసే ఇల్లాలైతే ఆ రోజు కూలి పోయినట్టే. పింఛను వచ్చినా మందులకీ తిండికీ సరిపెట్టుకోవాలి.

సాయం అందుకునేవాళ్ల పేర్లు మాత్రం చర్చి పూజలో చదవొద్దు. ఇళ్లకు వెళ్లి కష్టం కనుక్కోవడం పేదలకు సాయపడే క్యాథలిక్ సేవా సంఘం విన్సెంట్ డి పాల్ సభ్యులకు మొదట్నుంచీ ఉన్న పద్ధతే; ఏ మతమని అడగకుండా వాళ్లే ఇచ్చి రావాలి.

మధ్యలో ఆపకూడదు. ఒక్క విడత డయాలసిస్ తప్పినా ఒళ్లు వాచి ఊపిరాడని మనుషులు వీళ్లు. ఐదుగురికే ఏడాదంతా ఇవ్వగలిగితే ఐదుగురినే తీసుకోండి.