రొమ్ము క్యాన్సర్‌కు కరెంటు: అయిదు వారాలా, మూడు వారాలా, ఒక్క వారమా?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక "కరెంటు పెట్టాలి" (అంటే రేడియేషన్ ఇవ్వాలి) అని డాక్టర్ అనగానే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: ఎన్ని రోజులు? ఇప్పుడు దీనికి మూడు జవాబులున్నాయి. పాత పద్ధతి 25 సిట్టింగులు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు పడుతుంది. రెండోది 15 సిట్టింగులు, మూడు వారాలు. మూడోది అయిదే సిట్టింగులు, ఒక్క వారం.

రోజులు తగ్గితే వైద్యం కూడా తగ్గించేశారేమో, ఆరోగ్యశ్రీ కేసు కదా అని తొందరగా పంపించేస్తున్నారేమో అని చాలామందికి అనుమానం. అది నిజం కాదు. పాత పద్ధతిలో రోజుకు 2 గ్రే (కరెంటు మోతాదును కొలిచే లెక్క) చొప్పున మొత్తం 50 గ్రే ఇస్తారు. మూడు వారాల్లో అయితే రోజుకు 2.67 చొప్పున 40. ఒక్క వారంలో అయితే రోజుకు 5.2 చొప్పున 26. రోజు మోతాదు పెరిగేకొద్దీ మొత్తం తక్కువైనా పని అంతే జరుగుతుంది.

దీన్ని బ్రిటన్‌లో వేలమంది మీద పరీక్షించి చూశారు. స్టార్ట్-బి ట్రయల్‌లో పదేళ్ల తర్వాత లెక్క తీస్తే, క్యాన్సర్ అదే చోట గానీ దాని చుట్టుపక్కల గానీ తిరగబెట్టింది అయిదు వారాల వాళ్లలో 5.5 శాతం మందికి, మూడు వారాల వాళ్లలో 4.3 శాతం మందికి. రొమ్ము కుంచించుకుపోవడం, వాపు కూడా మూడు వారాల వాళ్లలోనే తక్కువ. ఆ తర్వాత 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అయిదేళ్లకు తిరగబెట్టింది మూడు వారాల వాళ్లలో 2.1 శాతం, ఒక్క వారం 26 గ్రే తీసుకున్నవాళ్లలో 1.4 శాతం.

ఏ కోర్సయినా గదిలో జరిగేది మాత్రం ఒకటే. ముందు సిమ్యులేషన్ అని సీటీ స్కాన్ తీసి, ఒంటి మీద గుర్తులు పెడతారు. ఆ గుర్తులు చెరిపేయకూడదు. ప్లాన్ తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి "ఒక్క వారం" అన్నది కూడా నిజానికి రెండు వారాల పని. మా పెద్దమ్మ మూడు వారాలు తీసుకుంది. చేతులు తలపైకి ఎత్తి గట్టి బల్ల మీద పడుకోబెట్టేవాళ్లు. లేజర్ గీతలు గుర్తుల మీదికి వచ్చేదాకా స్టాఫ్ ఆమెను అటూ ఇటూ కొద్దికొద్దిగా జరిపి బయటికి వెళ్లేవాళ్లు. మిషన్ చప్పుడు చేస్తూ చుట్టూ తిరిగేది. నొప్పి లేదు, వేడి లేదు. కెమెరాలో చూస్తూనే ఉంటారు, మైకులో మాట్లాడతారు. ఆమెది ఎడమ వైపు కాబట్టి గుండెకు తగలకుండా ఊపిరి బిగపట్టమనేవాళ్లు. అన్నీ కలిపి పావుగంట. ఇంటికొచ్చి మనవణ్ని ఎత్తుకోవచ్చా అని ఆమె భయపడింది. నిశ్చింతగా ఎత్తుకోవచ్చు, బయటి నుంచి పెట్టే కరెంటు ఒంట్లో మిగలదు. తల మీద జుట్టు కూడా ఈ కరెంటుకు ఊడదు.

తేడా ఎక్కడంటే చర్మం దగ్గర. అయిదు వారాల కోర్సులో ఎరుపు, మంట, నలుపు ఆస్పత్రికి వస్తుండగానే మొదలవుతాయి, డాక్టర్ ఎదురుగానే ఉంటారు. ఒక్క వారం కోర్సులో అవి చాలావరకు ఊరికి వెళ్లాక బయటపడతాయి. కాబట్టి ఫోన్ నంబర్ తీసుకోకుండా డిశ్చార్జ్ కావొద్దు. పసుపు, పౌడరు, వేడినీళ్లు ఆ చోట తగలనివ్వకండి. వదులుగా ఉండే నూలు జాకెట్టు మేలు. అలసట మూడింట్లోనూ ఉంటుంది.

ఇక ఖర్చు. ట్రీట్‌మెంట్‌కు ఆరోగ్యశ్రీ ఉన్నా, హైదరాబాద్‌లో గది అద్దె, తిండి, తోడు వచ్చినవాళ్ల కూలి ఎక్కువగా ఇంటి మీదే పడతాయి. ఆదిలాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి అయిదు వారాలు ఉండాలంటే మాటలు కాదు. అందుకే మధ్యలో మానేసేవాళ్లుంటారు. ఏ కోర్సయినా అలా మధ్యలో మానేయడమే అసలు ప్రమాదం.

నా మాట అడిగితే ఎక్కువమందికి మూడు వారాలు మేలు. దాని వెనక అనుభవం ఎక్కువ, రొమ్ము మొత్తం తీసేసినవాళ్లకూ వాడుతున్నారు. గడ్డ చిన్నదై, రొమ్ము ఉంచి ఆపరేషన్ చేసి, చంకలో కరెంటు అవసరం లేనివాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు ఒక్క వారం గురించి డాక్టర్‌ను తప్పక అడగాలి. వయసు తక్కువైతే గడ్డ ఉన్న చోట బూస్ట్ అని ఇంకొన్ని సిట్టింగులు కలుపుతారు, అది కూడా ముందే లెక్కలో వేసుకోండి. అయిదు వారాలు చెబితే ఎందుకని అడగండి. రొమ్మును మళ్లీ కట్టే ఆపరేషన్ లాంటి కారణం ఉంటే ఒప్పుకోవాల్సిందే. అలవాటు కొద్దీ రాసిందైతే ఇంకో డాక్టర్‌ను కలవడంలో తప్పు లేదు.

ఏది ఖాయమైనా, ఆపరేషన్ చేసిన వైపు చెయ్యి తలపైకి లేవాలి. లేవకపోతే సిమ్యులేషనే వాయిదా పడుతుంది. ఫిజియోథెరపిస్టు చూపించిన భుజం ఎక్సర్‌సైజులు ఆపరేషన్ డాక్టర్ సరేనన్న రోజు నుంచే మొదలుపెట్టించండి.