గుర్రం కాళ్లకు ఫ్లీస్ పోలో పట్టీలు: ఏళ్ల తరబడి వాడిన అనుభవం

హైదరాబాద్ శివారులోని ఒక రైడింగ్ స్కూల్లో ఉన్న మా ఆడగుర్రానికి సాధన వేళల్లో నాలుగు కాళ్లకూ ఫ్లీస్ (మెత్తటి, ఉన్నిలాంటి గుడ్డ) పోలో పట్టీలు కట్టడం ఏళ్లుగా నా పని. ఒక్కొక్కటి దాదాపు 9 అడుగుల పొడవు, 4 నుంచి 5 అంగుళాల వెడల్పు ఉండి, కొసన వెల్క్రో ఉంటుంది.

గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, దాని వెనుక టెండన్లు (కండను ఎముకకు కలిపే గట్టి తాళ్లలాంటివి), వాటిపై పలుచని చర్మం మాత్రమే ఉంటాయి. మలుపు తిరిగేటప్పుడు ఒక కాలి గిట్ట రెండో కాలికి తగిలితే ఆ చర్మం చిట్లుతుంది. ఈ దెబ్బలను కాచడంలో పట్టీలు బాగా పనికివచ్చాయి: మా గుర్రం వెనుక కాళ్ల లోపలి వైపు తరచుగా కనిపించే గీతలు పట్టీలు మొదలుపెట్టాక దాదాపు కనిపించడం లేదు. అయితే ఇవి టెండన్లకు ఊతమిస్తాయన్న ప్రచారాన్ని నేను నమ్మను. పరుగులో ఒక కాలిపై పడే భారం గుర్రం మొత్తం బరువును కూడా మించిపోతుంది. మెత్తటి గుడ్డ దాన్ని మోయలేదు.

కట్టే తీరులోనే అసలు మెలకువ ఉంది. ఎముక లోపలి పక్కన మొదలుపెట్టి, ముందువైపుగా బయటి పక్కకు తెచ్చి, అక్కడి నుంచి వెనక్కి తిప్పాలి. అంటే పైనుంచి చూస్తే ఎడమ కాళ్లకు అపసవ్యంగా, కుడి కాళ్లకు సవ్యంగా చుట్టాలి. ప్రతి చుట్టూ ముందరి చుట్టులో సగాన్ని కప్పుతూ, గిట్టపై కీలు కిందుగా ఒకసారి తిరిగి పైకి రావాలి. "బిగువు ఎముక మీద ఉండాలి సార్, నరం మీద కాదు" అని మా సైసు (గుర్రాలను చూసుకునేవాడు) చెప్పేవాడు. నరం అంటే అతని ఉద్దేశం టెండనే. ఆ ఒక్క మాటా పట్టుకుంటే చాలా గాయాలు తప్పుతాయి. చుట్టేముందు కాలిని తుడవకపోతే ఇసుక రేణువులు లోపల ఇరుక్కుని చర్మాన్ని ఒరుస్తాయి.

నాకున్న పెద్ద అభ్యంతరం వేడి గురించి. దౌడు తీసే గుర్రం టెండన్ లోపలి భాగం 45 డిగ్రీల దాకా వేడెక్కుతుందని 1994లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఫ్లీస్ ఆ వేడిని బయటికి పోనివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో, గాలే 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో, పట్టీ విప్పి అరచేయి పెడితే కాలు కాగుతున్నట్టు తెలుస్తుంది. అందుకే వేసవిలో తెల్లవారుజామునే సాధన ముగించి, దిగిన వెంటనే పట్టీలు విప్పి, కాళ్లపై చల్లని నీళ్లు పోస్తున్నాం.

వానాకాలంలో వీటిని బయట వాడకపోవడమే మేలు. తడిసిన ఫ్లీస్ బరువెక్కి జారుతుంది. నడకలో ఊడితే గుర్రం దానిపైనే కాలు వేసి పడిపోవచ్చు. అలాంటి రోజుల్లో నియోప్రిన్ (రబ్బరులాంటి మెత్తటి పదార్థం) బూట్లే వాడతాను. ఉతికినవి జులై ముసురులో ఒక పట్టాన ఆరవు కనుక రెండు సెట్లు కొనుక్కోవడం మంచిది. వెల్క్రోలో చిక్కుకునే గడ్డినీ వెంట్రుకలనూ పాత టూత్‌బ్రష్‌తో తీసేస్తే పట్టు చాలాకాలం నిలుస్తుంది.