గ్లోసోలాన్ వాక్లీ-బ్లాక్ పత్రం: మన భూసార ల్యాబులకు ఎంతవరకు పనికొస్తుంది?

నేలల విషయంలో దేశాలు కలిసి పనిచేయాలంటే ముందు వాటి ల్యాబుల అంకెలు కలవాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఆధ్వర్యంలో 2017లో మొదలైన ప్రపంచ భూసార ల్యాబుల నెట్‌వర్క్ గ్లోసోలాన్, ఆసియాలో దాని ప్రాంతీయ విభాగం సీల్‌నెట్ చేస్తున్నది ఈ పనే. ఇవి ఉచితంగా ఇచ్చే పద్ధతి పత్రాల్లో మన భూసార పరీక్ష కేంద్రాలకు బాగా అక్కరకొచ్చేది మట్టిలోని సేంద్రియ కర్బనాన్ని డైక్రోమేట్‌తో ఆక్సీకరణ చేసి కొలిచే వాక్లీ-బ్లాక్ పద్ధతి పత్రం.

పద్ధతి మనవాళ్లకు కొత్తేమీ కాదు. మెత్తగా నూరి జల్లించిన మట్టి 1 గ్రాము, 1 నార్మల్ పొటాషియం డైక్రోమేట్ 10 మి.లీ., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. అరగంట ఆగాక 200 మి.లీ. నీళ్లు, 10 మి.లీ. ఫాస్ఫారిక్ ఆమ్లం, సూచిక చుక్కలు వేసి 0.5 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేషన్, అంటే ఖర్చవకుండా మిగిలిన డైక్రోమేట్‌ను కొలవడం. ఇనుప రోట్లో మాత్రం నూరకండి. ఇనుము కలిస్తే కర్బనం ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు తేడా లెక్కలో వస్తుంది. బ్లాంక్ (మట్టి లేకుండా చేసిన పరీక్ష) 20.0 మి.లీ., నమూనా 17.1 మి.లీ. అనుకోండి, తేడా 2.9. 2.9 × 0.5 × 0.003 × 100 = 0.435 శాతం. ఈ పద్ధతిలో సగటున 77 శాతం కర్బనమే ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి 1.3తో గుణిస్తే 0.57 శాతం. మన వర్గీకరణలో 0.5 లోపు ‘తక్కువ’, 0.5 నుంచి 0.75 వరకు ‘మధ్యస్థం’. అంటే ఒకే మట్టికి 1.3 గుణకం వాడని ల్యాబు ‘తక్కువ’ అని, వాడిన పక్క ల్యాబు ‘మధ్యస్థం’ అని రాసిస్తాయి. రైతుకు చెప్పే ఎరువు మోతాదూ మారిపోతుంది. గుణకం వాడారో లేదో రిపోర్టులో రాయడం ఒక్కటే దీనికి మందు.

నాణ్యత తనిఖీ భాగం ఈ పత్రానికి ప్రాణం. ప్రతి బ్యాచ్‌లో పదోవంతు నమూనాలను మళ్లీ చేయాలి, విలువ తెలిసిన కంట్రోల్ మట్టిని వెంట నడిపి ఫలితాన్ని చార్టు మీద గుర్తించాలి. అది సగటు నుంచి ±3 ప్రామాణిక విచలనాలు (మామూలు హెచ్చుతగ్గుల కొలత) దాటితే ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ చేయాల్సిందే. పనిభారం పెరుగుతుంది, నిజమే. కానీ ఫెర్రస్ ద్రావణం గాలి తగిలి రోజురోజుకూ బలం తగ్గుతుంది. రోజూ బ్లాంక్, కంట్రోల్ చూడని ల్యాబుకు ఆ సంగతి తెలిసే దారే లేదు. బ్యూరెట్ రీడింగ్ 4 మి.లీ. లోపే ఆగిందంటే డైక్రోమేట్ దాదాపు అయిపోయినట్టే, 0.5 గ్రాము మట్టితో మళ్లీ చేయండి.

కోస్తా చౌడు నేలల్లో క్లోరైడ్ వల్ల కర్బనం ఎక్కువ చూపిస్తుంది. సిల్వర్ సల్ఫేట్‌తో దాన్ని అడ్డుకోవచ్చు గానీ ధర ఎక్కువ. నల్లరేగడిలోని సున్నం మాత్రం ఈ పద్ధతికి అడ్డు కాదు. మట్టిని కాల్చి కొలిచే డ్యూమాస్ యంత్రమైతే సున్నంలోని కర్బనాన్నీ కలిపి చూపిస్తుంది, దాన్ని విడిగా తీసేయాలి. చిన్న ల్యాబు వాక్లీ-బ్లాక్‌తోనే ఉండటం మంచిదని మా అభిప్రాయం.

పెద్ద లోటు క్రోమియం వ్యర్థం. మిగిలిన ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం, సింకులో పోయకూడదు. దాన్ని మూడు వేలెన్సీకి తగ్గించి, సున్నంతో అవక్షేపం చేసి, అడుగున దిగిన ముద్దను ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి. చాలా చిన్న కేంద్రాలకు ఆ ఏర్పాటే లేదు. పద్ధతి పంచుకున్న దేశాలు దీనికి కూడా ఉమ్మడిగా ఖర్చు పెట్టాలి. పత్రం తెలుగులో లేకపోవడం మరో ఇబ్బంది, బెంచ్ దగ్గర పనిచేసేవాళ్లకు ఒక పేజీ తెలుగు సారాంశం రాసి గోడకు అంటించుకోవాలి.

ఇంకో మాట. ఎఫ్‌ఏఓ 2017లో విడుదల చేసిన ప్రపంచ కర్బన పటం 0–30 సెం.మీ. లోతుది. మన నమూనాలు మామూలుగా 0–15 సెం.మీ.వి. ఆ పటంతో పోల్చాలనుకుంటే 15–30 సెం.మీ. పొరను కూడా విడిగా తీసి, స్థూల సాంద్రతతో (నిర్ణీత ఘనపరిమాణంలో ఉండే పొడి మట్టి బరువు) సహా నమోదు చేయండి.