1989 నాటి గేమ్ బాయ్ ఇప్పుడు కొనొచ్చా?

పాత కంప్యూటర్లు, వీడియో గేమ్‌లు సేకరించడం మొదలుపెడుతున్నాను, ముందు ఏది కొనాలి అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను: నింటెండో 1989లో తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడుకునే మొదటి గేమ్ బాయ్, మోడల్ నంబర్ డీఎంజీ-01. అదీ అద్దంలా మెరిసేది కాదు, చిన్నాచితకా రిపేర్లున్నది. తెర మీద కొన్ని గీతలు కనిపించనిదో, సౌండ్ గరగరలాడేదో, సెల్స్ కారి తుప్పు పట్టినదో, అలాంటిది. దాన్ని మీ చేత్తో మీరే బాగుచేసుకోవచ్చు. ఈ రివ్యూలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

నా దగ్గరున్నది బూడిద రంగుది. అమ్మినాయన "ఆన్ అవుతుంది, తెర పాడైంది" అని ఉన్నదున్నట్టు చెప్పే ఇచ్చాడు. ఆన్ చేసి చూస్తే తెర మీద నిలువుగా కొన్ని వరుసలు తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. మిగతాదంతా పనిచేస్తోంది. నాకు కావలసిందీ అలాంటిదే.

ముందు ఆట సంగతి. తెర సుమారు 2.5 అంగుళాలు, 160×144 చుక్కలు, ఆకుపచ్చలో నాలుగు ఛాయలు. వెనకనుంచి లైటు లేదు కాబట్టి కిటికీ దగ్గరో దీపం కిందో కూర్చోవాలి. ఎడమ పక్కనున్న చక్రం తిప్పి కాంట్రాస్ట్ సరిచేసుకుంటే టెట్రిస్ ఈ రోజుకీ చక్కగా ఆడుకోవచ్చు. సూపర్ మారియో ల్యాండ్ కూడా ఫరవాలేదు. తెర మొత్తం వేగంగా జరిగే ఆటల్లో మాత్రం బొమ్మలు అలికినట్టు అయిపోతాయి, ఎందుకంటే ఈ ఎల్‌సీడీ నెమ్మదిగా మారే రకం. స్పీకర్ ఒక్కటే, కానీ హెడ్‌ఫోన్ పెడితే స్టీరియో వినిపిస్తుంది. తప్పకుండా పెట్టి వినండి, ఆ నాలుగు ఛానెళ్ల సంగీతం వేరేగా ఉంటుంది.

అదే కాలంలో వచ్చిన అటారీ లింక్స్, ఆ తర్వాతి ఏడాది వచ్చిన సెగా గేమ్ గేర్ రెండింటికీ రంగుల తెర, వెనక లైటు ఉన్నాయి. కానీ అవి ఆరేసి సెల్స్ పెట్టినా కొద్ది గంటల్లోనే తినేసేవి. గేమ్ బాయ్ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలకు పైగా నడుస్తుంది. నింటెండోలో దీన్ని తయారుచేసిన గున్‌పేయ్ యొకోయి టీమ్ కావాలనే చవకైన, అప్పటికే బాగా నలిగిన టెక్నాలజీని ఎంచుకుంది. తర్వాత వచ్చిన రంగుల తెర గేమ్ బాయ్ కలర్‌తో కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడవడంలో ఆ నిర్ణయానికి పెద్ద వాటా ఉంది. మనలాంటి వాళ్లకు ఇప్పుడు కలిసొస్తున్నదీ అదే.

ఎలాగంటే, గేమ్ గేర్‌లోని చిన్న కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వ చేసే భాగాలు) కాలక్రమంలో కారి బోర్డు పాడుచేస్తాయి. వాటన్నిటినీ మార్చడం కొత్తవాళ్ల పని కాదు. కమొడోర్ 64 అద్భుతమైన కంప్యూటర్, కానీ దాని పాత పవర్ సప్లై చెడిపోతే 5 వోల్టులు పంపాల్సిన చోట ఎక్కువ పంపి మెమరీ చిప్స్‌ను కాల్చేస్తుంది. అమిగా 500 ప్లస్ అనే మరో పాత కంప్యూటర్ బోర్డు మీద అతికించి ఉండే రీచార్జబుల్ బ్యాటరీ కారి రాగి దారుల్ని తినేస్తుంది. గేమ్ బాయ్‌కి వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఒక స్క్రూడ్రైవర్, మురికి తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సోల్డరింగ్ ఐరన్‌తో నయమైపోతాయి.

విప్పడం తేలిక. వెనక ఆరు స్క్రూలు. చాలావాటికి మూడు రెక్కల తల ఉంటుంది, దానికి సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ ఒక రిబ్బన్ కేబుల్ కలుపుతుంది. అందుకే మూత తీసినట్టు గబుక్కున లాగకూడదు, కొంచెం తెరిచి రిబ్బన్‌ను సాకెట్ నుంచి తిన్నగా బయటికి తీయాలి. వెనక భాగంలో ప్రాసెసర్ ఉన్న మెయిన్ బోర్డు, ముందు భాగంలో తెర, బటన్లు, స్పీకర్.

ఇక ఆ నిలువు గీతలు. గాజు తెర కింది అంచు నుంచి బోర్డుకి సన్నటి రిబ్బన్ ఒకటి వెళ్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని అతుకు కొన్ని చోట్ల వదులవుతుంది. ఏ చోట వదులైతే ఆ వరుస తెర మీద మాయమవుతుంది. దాని మీదున్న మెత్తటి పట్టీని మెల్లగా లేపి, సోల్డరింగ్ ఐరన్ వేడి తక్కువలో పెట్టి, మెషీన్ ఆన్‌లో ఉండగానే ఆ రిబ్బన్ మీదుగా నెమ్మదిగా జరపాలి. నొక్కకూడదు, ఒకే చోట ఆపకూడదు. నేను జరుపుతుంటే ఖాళీగా ఉన్న వరుస ముందు ఒకసారి మిణుక్కుమంది, తర్వాత నల్లబడి నిలబడింది. దాని పక్కది, ఆ పక్కది... అన్నీ వచ్చాయి. ఏ గేమ్ ఆడినా అంత సంతోషం కలగలేదు నాకు.

ఒక్క హెచ్చరిక. గీతలు నిలువుగా పోతేనే ఈ వైద్యం. అడ్డంగా పోతే సమస్య తెర పక్క అతుకులో ఉంటుంది, అది ఇలా తేలిగ్గా లొంగదు. తెరలో నల్లటి మరక పాకి ఉంటే గాజు పగిలినట్టే. ఈ రెండూ ఉన్నవి మొదటిసారి కొనొద్దు.

ఆన్ చేశాక ముట్టుకుంటే రీస్టార్ట్ అవుతోందా? చాలావరకు పవర్ స్విచ్‌లో పట్టిన మురికే కారణం. ఒక చుక్క ఆల్కహాల్ వేసి అటూ ఇటూ బాగా ఆడించండి. వాల్యూమ్ తిప్పితే గరగర వచ్చినా అంతే. సెల్స్ కారిన చోట తెల్లగానో పచ్చగానో పొక్కులా కడుతుంది. ఆల్కలైన్ సెల్ రసం క్షారం కాబట్టి వెనిగర్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిస్తే కరుగుతుంది. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. ఆన్ చేయగానే నింటెండో అక్షరాలు పైనుంచి దిగి వస్తాయి కదా, ఆ బొమ్మను మెషీన్ ఆట నిల్వ ఉండే కార్ట్రిడ్జ్‌లోంచి చదివి చూపిస్తుంది. 48 బైట్ల బొమ్మ అది. చూపించాక తన దగ్గరున్న కాపీతో పోల్చి, తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది. కార్ట్రిడ్జ్ లేకుండా ఆన్ చేస్తే అక్షరాల బదులు నల్లటి పట్టీ దిగేది అందుకే. కాబట్టి అక్షరాలు విరిగిపోయి దిగి, అక్కడే ఆగిపోతే కంగారుపడి మెషీన్ విప్పకండి, ముందు కార్ట్రిడ్జ్ పిన్నులు తుడవండి. అక్షరాలు బాగానే వచ్చి ఆట మధ్యలో ఆగిపోయినా పిన్నుల్నే అనుమానించాలి, ఆ బొమ్మ చదవడానికి అన్ని పిన్నులూ అక్కర్లేదు మరి.

ఇయర్ బడ్‌ను ఆల్కహాల్‌లో తడిపి పిన్నుల మీద రుద్దితే నల్లటి మురికి వస్తుంది. బడ్ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. సాండ్ పేపర్ పెడితే బంగారు పూత లేచిపోతుంది. నోటితో ఊదే అలవాటు దయచేసి మానేయండి, ఆ తడి వల్ల పిన్నులు ఇంకా పాడవుతాయి.

సేవ్ చేసుకునే కార్ట్రిడ్జ్‌ల లోపల బటన్ సెల్ ఉంటుంది. అది అయిపోయినా, తీసినా సేవ్ పోతుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో గడియారం కూడా నడుస్తుంది కాబట్టి సెల్ త్వరగా అయిపోతుంది, వాటిలో ఉండేది సీఆర్2025. మార్చే ముందు కార్ట్రిడ్జ్ రీడర్‌తో సేవ్‌ను కంప్యూటర్‌లోకి తీసుకుని పెట్టుకోండి. కార్ట్రిడ్జ్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్ బిట్ అనే ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ మొన కావాలి. కొత్త సెల్ లోహపు కాళ్లు అతికించి ఉన్నదే కొనాలి. మామూలు సెల్ మీద నేరుగా సోల్డర్ పెడితే వేడికి పేలే ప్రమాదం ఉంది.

పాత తెర తీసేసి వెనక లైటున్న ఐపీఎస్ అనే కొత్త రకం ఎల్‌సీడీ తెర వేయించుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. బొమ్మ కళ్లు చెదిరేలా ఉంటుంది, సెల్స్ కూడా అంతే వేగంగా ఖాళీ అవుతాయి. అసలు తెర చచ్చిపోయిన మెషీన్‌కైతే అది మంచి దారే. పనిచేసే తెరను పీకేయడం మాత్రం నాకు మనసొప్పదు, అవి ఇక తయారు కావు కదా. గీతలు పడ్డ పై ప్లాస్టిక్ అద్దం సంగతి వేరు, కొత్తది గాజులోనే దొరుకుతుంది, అంటించుకోవడం నిమిషాల పని. పసుపెక్కిన బాడీని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచడం కూడా నేను చేయను. కొన్నేళ్లకు ఆ రంగు మళ్లీ రావచ్చు.

కొనేటప్పుడు బ్యాటరీ మూత ఉందో లేదో, లోపలి స్ప్రింగులు ఎలా ఉన్నాయో ఫొటో అడగండి. కార్ట్రిడ్జ్ కొంటుంటే లోపలి బోర్డు ఫొటో కూడా అడగండి. చిప్ బదులు నల్లటి బొట్టు కనిపిస్తే అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ. ఆడడం అయిపోయి పక్కన పెట్టేటప్పుడు సెల్స్ తీసేయండి.