తొలిసారి కరోకే: యాపా, స్నేహితుల ఇల్లా, రూమా, పబ్బు స్టేజీయా?

టూర్ బస్సులో అంత్యాక్షరి మొదలైతే గొంతెత్తి పాడేవాళ్లు కూడా, కరోకే మైకు చేతికి ఇవ్వబోతే "నాకు రాదు, మీరు కానివ్వండి" అని వెనక్కి జరుగుతారు. అదే గొంతు, అదే స్నేహితులు, చాలాసార్లు అదే పాట. మరి భయం ఎందుకు? అంత్యాక్షరిలో శ్రుతి మనం ఎంచుకున్నదే. పల్లవిలో రెండు లైన్లు పాడి ఆపేస్తాం, మాట మర్చిపోతే పక్కవాళ్లు అందుకుంటారు. కరోకే ట్రాక్, అంటే గొంతు లేకుండా సంగీతం మాత్రమే ఉన్న పాట, ఎవరి కోసమూ ఆగదు. అసలు పాట పాడినవాళ్ల శ్రుతిలోనే ఉంటుంది, చరణం కూడా పాడాల్సిందే. అందుకే ఆ దడకి సగం కారణం ఎదురుగా ఉన్న మనుషులైతే, సగం కారణం ట్రాక్. ఎక్కడ మొదలుపెడితే మేలో చూసేటప్పుడు రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

ముందు యాప్ సంగతి. స్మూల్, స్టార్‌మేకర్ లాంటివాటిలో గది తలుపు వేసుకుని ఒకే పాటని ఎన్నిసార్లైనా పాడుకోవచ్చు. మ్యూజిక్ అయిపోయి చరణం ఎక్కడ ఎత్తుకోవాలో, ఏ లైన్ దగ్గర ఊపిరి అందడం లేదో బాగా తెలుస్తుంది. ట్రాక్ వల్ల వచ్చే భయానికి ఇది మంచి మందే. వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి తాళం తప్పుతున్నామేమోనని అనవసరంగా కంగారు పడతాం. అయితే యాప్ ఎకో కలిపి, కొన్నిసార్లు శ్రుతిని కూడా సరిదిద్ది మన గొంతుని వినిపిస్తుంది. నచ్చకపోతే చెరిపేసి మళ్లీ పాడొచ్చు. మనుషుల ముందు ఈ రెండూ ఉండవు. యాప్‌లో చక్కగా పాడుతూనే, నలుగురిలో ఇప్పటికీ నోరు విప్పనివాళ్లు ఉంటారు. అది సాధనకి పనికొస్తుంది, భయాన్ని పోగొట్టే పని ఒక్కదానితో అయ్యేది కాదు.

పబ్బులో కరోకే నైట్ దానికి పూర్తిగా అవతలి కొస. ఒక మాట ఒప్పుకోవాలి: కొందరికి తెలిసినవాళ్ల ముందుకంటే ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు పాడటమే తేలిక. వాళ్లు మళ్లీ కనపడరు, పాట అయ్యాక గుర్తుపెట్టుకోరు. అలాంటివాళ్లకి స్టేజీ నప్పొచ్చు. మిగతావాళ్లకి మాత్రం తొలిసారి అక్కడ వద్దనే చెప్తాను. పేరు ఇచ్చి వంతు కోసం చాలాసేపు కూర్చోవాలి, టెన్షన్ పెరిగేది ఆ కూర్చున్నంతసేపే. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి కాబట్టి మన గొంతు మనకే సరిగా వినపడదు. వినపడకపోతే ఎవరైనా అరుస్తారు, అరిస్తే శ్రుతి పోతుంది, గొంతు పట్టేస్తుంది. ధైర్యం కోసం ఒక పెగ్గు వేసుకుంటే గొంతు ఎండిపోవడం, తాళం మీద పట్టు సడలడం తప్ప లాభం లేదు. ఇంతా చేస్తే దక్కేది ఒక్క పాట.

ఆ ఒక్క పాట అన్నదే నాకు అసలు అభ్యంతరం. మొదటి పాటకి చేతులు వణుకుతాయి. రెండోదానికి ఊపిరి కుదురుతుంది. ఆనందం తెలిసేది ఆ తర్వాతే. అందుకని ఒకే కూర్చోవడంలో రెండు మూడు వంతులు వచ్చే చోటే మేలు.

ఆ లెక్కన కరోకే రూమ్ బాగుంటుంది. గంటకింత అని అద్దె కట్టి, తలుపు వేసుకుని మన వాళ్లం మాత్రమే పాడుకునే ఈ పద్ధతి జపాన్‌లో 1980ల మధ్యలో మొదలైంది. ఒకాయమాలో సరుకు రవాణా కంటైనర్‌ని గదిగా మార్చి పెట్టిందే మొదటిదని చెప్తారు. పాట నాలుగైదు నిమిషాలు అనుకుంటే గంటకి పన్నెండు పాటలు, నలుగురు వెళ్తే తలా మూడు. రూములో ఇంకో గొప్ప సౌకర్యం కీ బటన్. ట్రాక్ శ్రుతిని మెట్టు మెట్టుగా తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మన సంగీతం మాస్టార్లు మగవాళ్లకి ఒకటి, ఒకటిన్నర, ఆడవాళ్లకి ఐదు, ఐదున్నర అని శ్రుతి పెట్టి పాడిస్తారు. బాలు గారు అవలీలగా అందుకున్న పైస్థాయిని అదే శ్రుతిలో మనమూ అందుకోవాలని ఎక్కడా లేదు. కరోకే పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. కోబెలో క్లబ్బుల్లో కీబోర్డు వాయించే ఇనోవే దైసుకేని ఒక కస్టమర్, మీరు వాయిస్తేనే నేను పాడగలను, ఊరు వెళ్తున్నాను, టేపు చేసి ఇవ్వండని అడిగాడట. ఆ గొంతుకి తగ్గట్టు రికార్డు చేసిచ్చిన అనుభవంతోనే ఆయన 1971లో తన మెషీన్ తయారు చేశాడు. అంటే ట్రాక్ మనిషి గొంతుకి ఒదగాలి. కీ తగ్గించుకోవడం చిన్నతనం కానే కాదు. రూముకి ఉన్న ఇబ్బంది ఏమిటంటే డబ్బు, పైగా అన్ని ఊళ్లలో దొరకదు.

అందుకే నా ఓటు స్నేహితుల ఇంటికి. టీవీలో యూట్యూబ్ ట్రాక్, స్పీకరున్న ఒక మైకు, నలుగురైదుగురు మనుషులు చాలు. ఒకరు వంటింట్లో పకోడీలు వేయిస్తూ ఉంటారు, ఇంకొకరు పిల్లాడికి అన్నం పెడుతుంటారు, ఎవరూ పనిగట్టుకుని మన వైపే చూడరు. అమెరికాలో మనవాళ్ల బేస్‌మెంట్లలో శనివారం రాత్రి జరిగేది కూడా ఇదే. బాగా పాడే స్నేహితుడో స్నేహితురాలో పల్లవి ఎత్తుకుంటే రెండో లైన్ నుంచి కలవండి. చరణం చెరొకటి. వంతు రెండోదో మూడోదో తీసుకోండి, చివరికి మాత్రం ఉంచుకోవద్దు. మైకులో ఎకో కొద్దిగా ఉంచితే చాలు, ఎక్కువైతే మాటలు కలిసిపోతాయి. యూట్యూబ్‌లో శ్రుతి మార్చడానికి నేరుగా వీలుండదు కాబట్టి వేరే కీలో ఉన్న ట్రాక్ ముందే వెతికి పెట్టుకోండి.

పాట ఎంపికలో చాలామంది నెమ్మదైన మెలోడీ తేలిక అనుకుంటారు. నిజానికి అందులోనే సాగదీసిన ప్రతి స్వరమూ బయటపడుతుంది. మరీ ఫాస్ట్ బీట్ అయితే మాటలు తడబడతాయి. మధ్యస్థంగా నడుస్తూ, అందరూ గొంతు కలిపే పల్లవి ఉన్నది తీసుకోండి. పల్లవి బాగా వచ్చిందని సంబరపడకుండా చరణంలో అన్నిటికంటే పైకి వెళ్లే లైన్ ఒక్కటి పాడి చూడండి. అది గొంతు చించుకోకుండా అందితే ఆ పాట మీదే.

మైకు అందుకునే ముందు "కంగారు పడకు" అని మనకి మనం చెప్పుకోవడం మేలా, "భలే హుషారుగా ఉంది" అనుకోవడం మేలా? హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ ఈ సంగతి మీద 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో కరోకే గేమ్‌లో పాడే ముందు హుషారుగా ఉందని పైకి అన్నవాళ్లకి స్కోరు సగటున వందకి 80 దాకా వచ్చింది. ఏమీ అననివాళ్లకి 69, కంగారుగా ఉందని అన్నవాళ్లకి 53. దడ ఎలాగూ వెంటనే తగ్గదు. దాన్ని అణచాలని చూసేకంటే ఉత్సాహం అని పిలవడం సులువు.

పిలిచేవాళ్లకి కూడా ఒక మాట. "పాడు పాడు" అని చుట్టూ చేరి చప్పట్లు కొట్టకండి. కోరస్‌లో కలవమని మైకు మధ్యలో పెట్టండి, వాళ్లే దగ్గరికి వస్తారు. ఫోన్లు పక్కన పెట్టండి, వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలంటే ముందు వాళ్లని అడగండి.