ఆమోసు, హోషేయ: ఒకే రాజ్యం, రెండు గొంతులు

బైబిల్ పాత నిబంధనలోని ఈ ప్రవక్తలిద్దరూ క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఉత్తర ఇశ్రాయేలును నిలదీసినవాళ్లే.

ఆమోసు దక్షిణాన తెకోవ అనే ఊరి నుంచి వచ్చిన గొర్రెల కాపరి. ఆయన కోపమంతా బజారు మీద, న్యాయస్థానం మీద: దొంగ త్రాసులు, లంచం తినే పెద్దలు, చెప్పుల జత కోసం బీదవాణ్ని అమ్మేసే ధనికులు. న్యాయం ఏరులా పారనివ్వండి, మీ పండుగలు నాకొద్దు అని దేవుడి మాటగా చెప్పాడు. ఉత్తర రాజ్యంలోని బేతేలు గుడి యాజకుడు (పూజారి) అమజ్యా ఆయన్ని దేశం విడిచి పొమ్మన్నాడంటే ఆ మాటలు ఎంత లోతుగా తగిలాయో చూడండి.

హోషేయ, భార్య ద్రోహం మిగిల్చిన తన దాంపత్య బాధలోంచి, ప్రజలు దేవుడికి చేసిన ద్రోహాన్ని చూశాడు. సాయం కోసం ఒకసారి ఐగుప్తు (ఈజిప్టు) వైపు, ఇంకోసారి అష్షూరు (అస్సీరియా) వైపు పరుగెత్తే రాజకీయాన్ని బుద్ధిలేని పావురమన్నాడు. బలి కాదు, కనికరం కావాలన్నాడు.

పేదల పక్షాన నిలబడటంలో నా ఓటు ఆమోసుకే. శిక్ష తర్వాత దేవుడి దగ్గరికి తిరిగొచ్చే దారిని మాత్రం హోషేయే ఎక్కువ ఆర్తిగా చూపించాడు.