పిల్లి థైరాయిడ్‌కి చెవికి రాసే జెల్: మూడేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తాను. మాత్ర మింగనని మొండికేసే పిల్లి ఇంట్లో ఉంటే, కాంపౌండింగ్ ఫార్మసీలో (డాక్టర్ చీటీ ప్రకారం మందు విడిగా కలిపి ఇచ్చే షాపు) చేయించే మెథిమజోల్ జెల్ చాలా మంచి దారి. మెథిమజోల్ అంటే ఎక్కువైన థైరాయిడ్‌ని తగ్గించే మందు. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఒక మార్కు ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను, కొనేముందు తెలుసుకోవాల్సింది ఎక్కువగా అక్కడే ఉంది.

మేముండేది డాలస్ దగ్గర. మా పిల్లి జున్నుకి పదమూడో ఏట థైరాయిడ్ ఎక్కువైంది. గిన్నెలో పెట్టిందల్లా తినేసేది, అయినా నిమిరితే వెన్నెముక చేతికి తగిలేంతగా చిక్కిపోయింది. రక్తంలో టీ4 (థైరాయిడ్ హార్మోన్) సుమారు 4 లోపు ఉండాల్సింది, 9 దాటింది. ముందు ఫెలిమజోల్ రాశారు, అదీ మెథిమజోలే. అమెరికాలో పిల్లుల కోసమే 2009లో ఎఫ్‌డీఏ (మందులకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి పొందిన మాత్ర అది. పైన పూత ఉంటుంది కాబట్టి విరగ్గొట్టకూడదు, నూరకూడదు. జున్ను చేపముక్క తినేసి మాత్రను మాత్రం గిన్నె అంచున శుభ్రంగా వదిలేసేది. చికెన్ రుచి కలిపిన ద్రవం కూడా చేయించాం. మెథిమజోల్ చేదు ఏ రుచికీ లొంగేది కాదు. నోటి నిండా నురగ కక్కి, ఆ రోజంతా మంచం కిందే ఉండిపోయింది. మందు టైమ్ వస్తోందంటేనే నాకూ దానికీ టెన్షన్.

జెల్‌తో ఆ గొడవ పోయింది. పెన్నులా ఉండే గొట్టంలో వస్తుంది. అడుగున తిప్పితే క్లిక్‌మని, లెక్కగా కొంచెం లేత పసుపు జెల్ పైకి వస్తుంది. వేలికి రబ్బరు తొడుగు వేసుకుని, చెవి లోపలి వైపు వెంట్రుకలు లేని చోట పల్చగా రాయాలి. పొద్దున కుడి చెవి, రాత్రి ఎడమ చెవి. పాత జెల్ చెవిలో ఎండి పొక్కులా కడుతుంది, దాన్ని తడి దూదితో తుడిచాకే కొత్తది రాయాలి. అది తుడవకపోతే మందు చర్మంలోకి సరిగా ఇంకదు. జున్ను ఒకసారి తల విదిలించి మళ్ళీ నిద్రపోతుంది, అంతే. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ కూడా రెండు రోజుల్లో నేర్చుకుంది. తొడుగు మాత్రం తప్పనిసరి, మెథిమజోల్ మన చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. ఇంట్లో గర్భిణులుంటే వాళ్ళు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఇది మాత్ర కంటే నెమ్మదిగా పనిచేస్తుంది. నెల తర్వాత పరీక్షలో టీ4 ఇంకా ఎక్కువగానే ఉంటే డాక్టర్ మోతాదు పెంచారు. ఆ తర్వాత 2 దగ్గర నిలబడింది, బరువూ తిరిగి వచ్చింది. మందు కడుపులోంచి పోదు కాబట్టి వాంతులు తక్కువ. కానీ తెల్ల రక్తకణాలు, లివర్ మీద ప్రభావం జెల్‌తోనూ ఉండొచ్చు, అందుకని రక్తపరీక్షలు మానకూడదు. కిడ్నీ విలువలు కూడా చూడాలి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు కిడ్నీ జబ్బు బయటపడకుండా దాక్కుంటుంది.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు. కాంపౌండ్ చేసిన మందుకి ఎఫ్‌డీఏ ఆమోదం ఉండదు. డాక్టర్ చీటీ మీద ఒక్కో జంతువుకి విడిగా కలిపి ఇస్తారు, నాణ్యతంతా ఆ కలిపే చేతుల మీదే ఆధారపడి ఉంటుంది. నేను మొదట వాడిన ఫార్మసీ ఒకసారి ఫోన్ కూడా చేయకుండా గాఢత రెట్టింపు చేసి పంపింది. పాత పెన్ను మీద 0.1 ఎంఎల్‌కి 2.5 మి.గ్రా. అని ఉండేది, కొత్తదాని మీద 5 అని ఉంది. లేబుల్ చదివే అలవాటు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే అవే క్లిక్‌లకు రెట్టింపు మందు పడేది. ఇంకోసారి జెల్ విరిగి నీళ్ళూ ముద్దా వేరై వచ్చింది. అడిగితే "బాగా కలిపి వాడండి" అన్నారు. అలా విరిగినదాన్ని వాడకూడదు, మోతాదు ఎక్కడ ఎంత పడుతుందో చెప్పలేం. ఫ్రిజ్‌లో పెట్టినా ఈ జెల్ విరుగుతుంది.

ఇదేదో చిన్న విషయం అనుకోకండి. 2009లో ఫ్లోరిడాలో 21 పోలో గుర్రాలు ఒక్కసారిగా చనిపోయాయి. కాంపౌండింగ్ ఫార్మసీ కలిపిన ఇంజెక్షన్‌లో సెలీనియం అనే ఖనిజం మోతాదు మించిపోయింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ పెన్ను వచ్చిన ప్రతిసారీ గాఢత, క్లిక్‌కి ఎంత వస్తుంది, ఎప్పటిలోపు వాడాలి అనే మూడూ పాత లేబుల్‌తో సరిచూస్తాను. ఇప్పుడు వేరే ఫార్మసీకి మారాం. గాఢత మారాల్సి వస్తే ముందే ఫోన్ చేస్తారు. ఫార్మసీ మారాక మళ్ళీ టీ4 చూపించుకున్నాం, మీరూ చూపించుకోండి.

నెలకి 40 డాలర్ల చుట్టూ అవుతోంది, పరీక్షల ఖర్చు వేరే. మీ పిల్లి మాత్ర హాయిగా మింగుతుంటే మాత్రం దీని జోలికి రావద్దు, ఆమోదం ఉన్న మాత్రే వాడండి. వయసు తక్కువై, కిడ్నీలు బాగుంటే రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్‌తో చేసే చికిత్స) గురించి డాక్టర్‌ని అడగండి. అది చాలా పిల్లులకు ఒక్క ఇంజెక్షన్‌తో జబ్బును పూర్తిగా తగ్గిస్తుంది. జున్ను కిడ్నీలు అప్పటికే కొంచెం బలహీనంగా ఉండటంతో మా డాక్టర్ వద్దన్నారు, అందుకే జెల్‌తో ఉన్నాం.